గుహ గడప దాటాక

ముందు రాతి కవచం వేయాలి. అది చాలాసేపు నిలుస్తుంది కనుక గుహ బయట వేసినా పర్వాలేదు. తర్వాత గాలి అడుగులు, గడప దాటి లోపలికి వెళ్లాకే. అగ్ని ఖడ్గం అన్నిటికన్నా చివర, రెండు తలల రాక్షసుడు కళ్లు తెరిచాక. ఆ మంట ఇలా వెలిగి అలా ఆరిపోతుంది. మూడూ కలిసి వెలుగుతున్న ఆ కాస్త సేపట్లోనే రాక్షసుణ్ణి కొట్టాలి.

ఉదయ్‌భాస్కర్ ఇదంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసి, రాజమండ్రి నుంచి పెనుగొండకు పంపాడు.

"సరేనండి" అని జవాబొచ్చింది.

నిన్నా అదే జవాబు. అయినా నిన్నా ఓడిపోయారు.

అది ఇద్దరు జోడీగా ఆడే కంప్యూటర్ ఆట. కత్తి పట్టేది ఉదయ్‌భాస్కర్. మంత్రాలు వేసి అతనికి బలం ఇచ్చేది తెల్లచీర కట్టుకున్న మంత్రగత్తె. ఆ మంత్రగత్తెను నడిపించమని భార్య ఉమాశ్రీని బతిమాలి ఒప్పించాడు. పెళ్లయిన నెలకే ఆషాఢం వచ్చింది, ఆమె పుట్టింటికి వెళ్లింది. ఇతను అక్కడికి వెళ్లడానికి లేదు. ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదన్న పట్టింపు ఆ ఇంట్లో గట్టిగా ఉంది. అత్తగారు సీతారామలక్ష్మి గారు ఫోన్లో కూడా రెండు ముక్కలకు మించి మాట్లాడరు. పెనుగొండ ఇంట్లో ఉమాశ్రీ చదువుకోసం కొన్న కంప్యూటరుంది, కొత్తగా బ్రాడ్‌బ్యాండ్ పెట్టించారు. కలుసుకోవడానికి అదొక్కటే దారి.

అతనికి ఒక దిగులుంది. కూతుర్ని తీసుకెళ్లిన రోజున సీతారామలక్ష్మి గారు, అల్లుడుగారు మంచివారే గానీ ఆ ఆటల ధ్యాస తగ్గితే బాగుండునని ఎవరితోనో అన్నారట. ఆ మాట తిరిగి తిరిగి ఇతని చెవిన పడింది. ధవళేశ్వరంలో ఆఫీసు పని మానకుండా చేస్తున్నాడు, జీతం ఇంట్లో ఇస్తున్నాడు. సాయంత్రం కాసేపు ఆడుకోవడం తప్పెలా అవుతుందో అతనికి అర్థం కాలేదు. కానీ ఆవిడకు చెడ్డవాడు కావడం ఇష్టం లేదు.

అందుకే ఇవాళ ఒక నిర్ణయానికొచ్చాడు. అదీ టైపు చేశాడు.

"ఇవాళ కూడా ఓడిపోతే ఆట తీసేస్తాను ఉమా. మీ అమ్మగారికీ మనశ్శాంతి."



"తీసేయడం ఎందుకండి. ఓడిపోయి మానేస్తే మనసులో ఉండిపోతుంది" అని వచ్చింది.

అతనికి ముచ్చటేసింది. ఆట పేరెత్తితే ఆవులించిన మనిషేనా అనుకున్నాడు. ఆ చనువుతో నిన్నటి తప్పు విడమరిచి చెప్పాడు. గుహ దగ్గరికి తను రాగానే మూడు మంత్రాలూ ఒక్కసారే మీద పడేస్తోందనీ, ఆపైన మంత్రగత్తె బయటే నిలబడిపోతోందనీ, తను లోపల రాక్షసుడి దాకా వెళ్లేసరికి అన్నీ ఆరిపోతున్నాయనీ రాశాడు.

"అచ్చం మీ అమ్మగారి పోలిక. పెళ్లయిన కొత్తలో మీ ఇంటికొస్తే చెప్పులు విప్పేలోపే కాజాలు, గారెలు, కాఫీ అన్నీ చేతిలో పెట్టేశారు. భోజనం వేళకి ఆకలి చచ్చిపోయింది."

ఈసారి జవాబు ఆలస్యమైంది. మరీ ఎక్కువ అన్నానా అని భయపడ్డాడు.

"గారెలు మళ్లీ అడిగి వేయించుకున్నారు కదండి" అని వచ్చింది.

ఉదయ్‌భాస్కర్ ఒక్కడే గదిలో నవ్వుకున్నాడు. తర్వాత అసలు సంగతి రాశాడు. ఇవాళ బయట నిలబడితే కుదరదు, తనతోపాటు లోపలికి రావాలి.

"గడప దాటడం తప్పదా అండి?"

"తప్పదు. బయటి నుంచి వేస్తే మంత్రం అందదు. ఏంటి, భయమా?"

"భయం కాదండి. మీరు ముందు దాటండి. నేను కాస్త ఆగి వస్తాను."

అదేం పద్ధతో అతనికి తెలియలేదు గానీ సరేనన్నాడు. రాతి కవచం పడింది. అతను గడప దాటాడు. వెనక్కి తిరిగి చూస్తే మంత్రగత్తె గుమ్మం దగ్గరే ఉంది. రాక్షసుడు కదులుతున్నాడు. ఇక అయిపోయింది, ఆట తీసేయాల్సిందే అనుకున్నాడు.

అప్పుడు తెల్లచీర మెల్లగా గడప దాటింది.

గాలి అడుగులు వేళకు అందాయి. రాక్షసుడు మొదటి తల ఎత్తాడు. అగ్ని ఖడ్గం పడలేదు. రెండో తల కూడా ఎత్తాడు, కళ్లు తెరిచాడు. సరిగ్గా అప్పుడు కత్తి భగ్గున మండింది. కవచం ఇంకా ఉంది, అడుగుల్లో గాలి ఇంకా ఉంది. ఉదయ్‌భాస్కర్ ఊపిరి బిగబట్టి కొట్టాడు. మంట ఆరిపోతుండగా రాక్షసుడు కూలిపోయాడు.

వెంటనే ఉమాశ్రీ సెల్‌కి ఫోన్ చేశాడు. అవతల గుడిగంటలు వినిపించాయి.

"అమ్మవారి గుడిలో ఉన్నానండీ. చీకటి పడకముందే వచ్చాను, హారతి అయ్యాక వెళ్తాను. ఏంటి సంగతి?"

మరి రోజూ ఆడుతున్నది నువ్వు కాదా అని మెల్లగా అడిగాడు.

ఉమాశ్రీ గొంతు తగ్గించింది. "మొదటిరోజే నాకు కళ్లు తిరిగాయండీ. మీరు బాధపడతారని చెప్పలేదు. లేచి కుర్చీ ఇచ్చాను, మళ్లీ నాకు దక్కలేదు."

తెర మీద కొత్త వాక్యం వచ్చి ఉంది. "రేపు ఇంకో గుహ చూద్దామా అండి? ఆట మాత్రం తీసేయకండి."

ఉదయ్‌భాస్కర్ కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులతో, "తప్పకుండానండి" అని టైపు చేశాడు.

మీరెప్పుడైనా ఇలాంటి గెలుపు కబురు వింటే, మంత్రాలు వేసిన సీతారామలక్ష్మి గారిని గుర్తుంచుకోండి.