గవరయ్య చూపు

“గ్లాన్స్ అంటే అలా ఓసారి చూసి వదిలేయడం. స్టేర్ అంటే రెప్పవేయకుండా చూడటం. పీప్ అంటే సందులోంచి తొంగిచూడటం.” బోర్డు మీద రాస్తూ చెప్పింది శ్రీలక్ష్మి.

“మరి గ్లేర్ అంటే, దీదీ?” జాహ్నవి అడిగింది.

“గుర్రుగా చూడటం.”

“అయితే తాత గ్లేర్ కర్ రహా హై. మా మావయ్యని.”

ట్యూషన్ పిల్లలంతా కిసుక్కున నవ్వారు. శ్రీలక్ష్మి నవ్వలేదు. జాహ్నవిని తీసుకెళ్ళడానికి వచ్చిన మేనమామ నాగబాబు గేటు దగ్గర స్కూటర్ ఆపుతున్నాడు. వరండాలో కూర్చున్న మామగారు గవరయ్య కుర్చీని అటు తిప్పుకుని మరీ అతన్నే చూస్తున్నాడు.

సునామీ వచ్చి మూడేళ్ళయింది. కార్ నికోబార్‌లో ఉద్యోగం చేస్తున్న ఆమె భర్త బంగారురాజు ఆ ఆదివారం పొద్దున క్వార్టర్‌లోనే ఉన్నాడు. శవమైనా దొరకలేదు. అత్తగారు అంతకుముందే పోయింది. ఆ దీవుల్లోనే లంబాలైన్ పేటలో ఉన్న ఆ ఇంట్లో కోడలూ మామా మిగిలారు. విశాఖ నుంచి అన్న ఎన్నిసార్లు రమ్మన్నా శ్రీలక్ష్మి కదల్లేదు. ముసలాయన్ని ఎవరికి వదిలి వెళుతుంది? పగలు బడిలో, సాయంత్రం ఇంట్లో ఇంగ్లీషు చెప్పుకుంటూ రోజులు నెట్టుకొస్తోంది.

పిల్లలు వెళ్ళాక గవరయ్య అడిగాడు.

“ఆ కుర్రోడు జెట్టీలో టికెట్లిచ్చేవోడు కదేటి?”

“అవును మావయ్యా.”

“రోజూ ఆడే వస్తన్నాడు. ఆ గుంటకి అమ్మా బాబూ నేరా?”

“వాళ్ళు డ్యూటీ నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుందట.”

గవరయ్య గేటు వైపు మరోసారి చూసి లోపలికి వెళ్ళాడు. ఆ చూపు శ్రీలక్ష్మికి గుచ్చుకుంది. నాగబాబు వచ్చినప్పుడు తన కళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలియక బోర్డు తుడుస్తూ నిలబడే సంగతి ముసలాయన పసిగట్టాడా?

వారం తిరక్కుండానే పక్కింటి యర్రమ్మ ప్రహరీ మీదుగా పిలిచింది.

“మీ మావ డిగ్నాబాద్‌లో చాయ్ దుకాణం కాడ కూకున్నాడంట. నాగబాబు ఉండే సందులోనే. ఆడు తాగుతాడా, ఎన్నింటికి ఇల్లు సేరతాడు, ఎవుల్తో తిరుగుతాడు, అన్నీ అడుగుతున్నాడంట. నీ జాగర్తలో నువ్వుండు, అమ్మీ.”

మర్నాడు బడి నుంచి వస్తుంటే శ్రీలక్ష్మికి వెనక గవరయ్య చెప్పుల చప్పుడు వినిపించినట్టే అనిపించి, రెండుసార్లు తిరిగి చూసింది. ఎవరూ లేరు.

శుక్రవారం నాగబాబే గొంతు తగ్గించి చెప్పాడు.

“మీ మామగారు నిన్న జెట్టీకి వచ్చారు, మేడమ్.”

“నికోబార్ షిప్ వచ్చిందేమో. కొడుకు దిగుతాడేమోనని ఇప్పటికీ వెళ్ళి చూస్తుంటారు.”

“నేనూ అలాగే అనుకున్నా. కానీ షిప్ వైపు చూడనే లేదు. కౌంటర్ ఎదురుగా బెంచీ మీద కూర్చుని నన్నే చూస్తున్నారు. ఓ ముసలమ్మ పర్సు పోగొట్టుకుని గొడవ పడుతుంటే సర్దిచెప్పాను. అదీ చూశారు. టికెట్ కావాలా అంటే, ‘నీ పని నువ్వు సూసుకో’ అన్నారు.”

కొడుకు కోసం కాచిన కళ్ళు ఇప్పుడు తన మీద కాపలాకి దిగాయన్నమాట. శ్రీలక్ష్మి తల ఎత్తకుండానే అంది.

“సోమవారం నుంచి మీరు రాకండి. జాహ్నవిని ఇంకెవరినైనా తీసుకెళ్ళమనండి.”

“నేనేమైనా తప్పు చేశానా?”

“మీరు చేయలేదు.”

అతను స్కూటర్ స్టార్ట్ చేయడానికి చాలాసేపు తన్నాల్సి వచ్చింది. ఆమె లోపలికి వచ్చేసరికి గవరయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

“ఏటన్నావు ఆడితో? మొకం మాడ్సుకుని ఎల్లాడు.”

“రావద్దన్నాను.”

“ఎవుల్నడిగి అన్నావు? ఆదివారం ఆడి తల్లి మాలక్ష్మమ్మని మనింటికి రమ్మని కబురెట్టేను నేను.”

తల్లిని పిలిచి, నలుగురిలో నిలదీయడానికా? ఇన్నాళ్ళూ మామగారి ఎదుట లేవని శ్రీలక్ష్మి గొంతు ఒక్కసారిగా లేచింది.

“పంచాయితీ పెడతారా మావయ్యా? మీకు తలవంపులు తెచ్చే పని నేను ఒక్కటీ చేయలేదు. అతను వస్తే బాగుండునని అనుకున్నాను. అబద్ధం ఎందుకు, అనుకున్నాను. దానికి ఇంత నిఘానా? పిల్లలు కూడా మీ చూపుకి పేర్లు పెట్టి నవ్వుతున్నారు. ఒకరు స్టేర్ అంటారు, ఒకరు గ్లేర్ అంటారు. నా మీద అనుమానం ఉంటే నన్నే అడగొచ్చు కదా?”

ఆమె ఏడుస్తుంటే గవరయ్య మెల్లగా వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

“నీ బాబుంటే ఆయనే సూసుండును,” అన్నాడు చివరికి. “ఆయన నేకపోబట్టి నేను సూసేను. నీ ఇంగిలీసులో ఏటంటారో నాకు తెల్దు.”

శ్రీలక్ష్మి తల ఎత్తింది.

“తెలుగులో పెళ్ళిచూపులంటారమ్మా.”