గుర్తుపట్టిన పెద్దమనిషి

కమిటీ కార్లు ఆసుపత్రి గేటు దాటి వెళ్లిపోగానే, నెలలు నిండని పాపను ఇంక్యుబేటర్‌లోంచి తీసి, తల్లి గుండెలకు ఆనించి దుప్పటి చుట్టాను.

“సాయంత్రానికల్లా ఈ పెట్టె తిరిగి తెచ్చేస్తామమ్మా” అన్నాను. ఆ మాట అన్న నోరు కడుక్కోవాలనిపించింది.

కేంద్రం ఇచ్చిన డబ్బుతో నాలుగు ఆసుపత్రులకు నాలుగు పెట్టెలు కొన్నామని మా రాష్ట్ర ప్రభుత్వం రాసిచ్చింది. కొన్నది ఒక్కటే. ఆ ఖర్చు నిజమో కాదో చూడడానికి శాసనసభ్యుల కమిటీ ఊరూరా తిరుగుతోంది. వాళ్లకంటే ముందు ఆ పెట్టె తిరుగుతోంది. దాన్ని నడపడం తెలిసిన నర్సును నేనొక్కదాన్నే కనుక, ఆరోగ్యశాఖ అధికారి నన్నూ వ్యానెక్కించాడు.

కమిటీ దారిలో భోజనానికి ఆగింది. మేం రెండో ఆసుపత్రికి ముందే చేరి, ప్లగ్గు పెట్టి లైట్లు వెలిగించాం.

కమిటీ ఛైర్మన్ తేన్చుకుంటూ వచ్చాడు. పెట్టెను చూశాడు. నన్ను చూశాడు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు.

“ఏమ్మా, నిన్ను పొద్దున అక్కడ చూశాను కదూ?”

అధికారి నా కాలు తొక్కాడు. తొక్కితే తొక్కాడు.

“చూశారండీ. నేనూ ఆ మనిషినే, పెట్టె కూడా ఆ పెట్టే. అందులో పడుకోవాల్సిన పాపే అక్కడుండిపోయింది.”

అధికారి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అడిగేవాడు ఒకడైనా ఉన్నాడని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఛైర్మన్ అతని భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు గానీ, నాకు వినిపించింది.

“పెట్టె ఒకటే ఉందంటే సరే. నర్సునైనా మార్చొద్దటయ్యా?”