మాఘ బహుళ పంచమి

వంటావిడ పెదవులు కదులుతుండటం చూసి శ్రీరామమూర్తి వంటింటి గుమ్మంలో ఆగాడు.

కొత్తపేటలోని ఆ ఇంట్లో ఏటా మాఘ బహుళ పంచమినాడు అతని తల్లి తద్దినం. అతను ఉయ్యాల్లో ఉండగానే ఆవిడ పోయిందని తండ్రి బతికున్నన్నాళ్ళూ చెప్పేవాడు. ముఖమైనా తెలియని తల్లికి చేయగలిగింది ఇదొక్కటే గనక, ఎక్కడా లోటు రానిచ్చేవాడు కాదు.

ఈసారి ఎప్పుడూ వండే ఆవిడకి జ్వరమొచ్చింది. సంగతి విని కపిలేశ్వరపురం నుంచి ఎవరో పెద్దావిడ తనంతట తానే వచ్చి, నేను వండుతానంది. గ్యాస్ పొయ్యి కడిగి, ముగ్గేసి, దణ్ణం పెట్టుకునిగాని వెలిగించలేదు.

ఆవిడ పేరు మాత్రం ఇంట్లో ఎవరూ అడగలేదు.

"భోక్తలు వచ్చేసేరండి. కాస్త త్వరగా కానివ్వండి," అంది శ్రీరామమూర్తి భార్య జ్యోతిర్మయి.

ఆవిడ కంగారుపడలేదు. ఒక్కో గారె ఆకు మీద తట్టి, నూనెలోకి జార్చి, ఎర్రగా వేగాక తిప్పుతోంది. తిప్పినప్పుడల్లా పెదవులు కదులుతున్నాయి.

"ఏం మంత్రమండీ అది?" అన్నాడు శ్రీరామమూర్తి.

"మంత్రాలు నాకెక్కడొచ్చండి. ఎవరికోసం వండుతున్నానో వాళ్ళ పేరు అనుకుంటానండి. పూజైనా జపమైనా నాకిదే."

"అయితే మా అమ్మ పేరా?"

ఆవిడ తలెత్తలేదు.

"కాదండి. మీ పేరండి."

శ్రీరామమూర్తికి ఒళ్ళు మండిపోయింది. తద్దినం వంట మీద బతికున్నవాడి పేరా, ఎంత అశుభం అని నలుగురూ వినేలా కేకలేశాడు.

"తప్పేనండి," అంది. ఆ తరువాత పెదవులు కదల్లేదు.

భోక్తలు మౌనంగా తింటున్నారు. వాళ్ళలో పలివెల నుంచి వచ్చిన దీక్షిత్ గారు శ్రీరామమూర్తి తండ్రికి చిన్ననాటి స్నేహితుడు. తింటూ తింటూ గుమ్మం వైపు చూసి ఆయన చెయ్యి ఆపేశారు. అక్కడ నిలబడ్డ ఆవిడ రెండు చేతులూ జోడించింది. ఆయన తల దించుకుని మళ్ళీ తిన్నారు.

అందరి తరువాత శ్రీరామమూర్తి తిన్నాడు. అతను లేచేదాకా ఆవిడ గుమ్మానికి ఆనుకుని చూస్తూనే ఉంది. అంత కమ్మటి భోజనం అతనెన్నడూ తినలేదు. కోప్పడినందుకు సిగ్గేసి, మీరూ తినండి అన్నాడు.

"ఈ వంట నేను తినకూడదండి."

గిన్నెలు తోమి బోర్లించి, పెరటి దారిన వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగింది. ఆవిణ్ణే పిలుద్దామని శ్రీరామమూర్తి కపిలేశ్వరపురం వెళ్ళాడు. ఆవిడ మొన్న కార్తీక శుద్ధ ఏకాదశినాడు పోయిందనీ, నా అన్నవాళ్ళెవరూ లేక ఊళ్ళోవాళ్ళే తలకొరివి పెట్టారనీ చెప్పారు.

అటునుంచి అటే పలివెల వెళ్ళి, పంచమికి భోక్తగా రమ్మని దీక్షిత్ గారిని పిలుస్తూ ఆ మాట చెప్పాడు.

ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నారు.

"చెప్పొద్దని ఆవేళ నాకు దణ్ణం పెట్టింది నాయనా. మీ నాన్న కోపం నీకు తెలుసుగా. బతికున్న మనిషికి నీళ్ళొదిలేసేడు."

ఆయన కండువా మళ్ళీ భుజాన వేసుకున్నారు.

"పంచమికి నేను రాను. మీ అమ్మ తద్దినం ఇకమీదట కార్తీక శుద్ధ ఏకాదశినాడు పెట్టుకో."