పట్టి ఆపిన చేతులు

ట్రయల్ రూం బయట భార్య హ్యాండ్‌బ్యాగు పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి ఉన్నట్టుండి మొదలు నరికిన చెట్టులా కూలిపోయాడు.

బట్టల షోరూం మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. అప్పటికే తలుపు దగ్గరి సెక్యూరిటీ ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని, టోపీ తీసి అవతల పడేసి, పడిపోయినాయన ముక్కు దగ్గర చెంప పెట్టి చూస్తున్నాడు.

"ఊపిరి లేదు. అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి సార్!"

అంటూనే చేతి మీద చెయ్యి వేసి, ఛాతీ నడుమ గట్టిగా నొక్కడం మొదలుపెట్టాడు.

మేనేజరు ఫోన్ చేశాడు. చేస్తూనే ఆ ముసలాయన కేసి చూశాడు. నాలుగు రోజుల కిందట చేరిన మనిషి. పేరు కూడా ఇంకా నోటికి రాలేదు.

ఫట్‌మని చప్పుడైంది.

"అయ్యో, ఎముక విరిచేశాడు!" గుంపులో ఎవరో అరిచారు.

మేనేజరు ఫోన్ పెట్టేసి దగ్గరికొచ్చాడు. రేపు పోలీసులొస్తే జవాబు చెప్పుకోవాల్సింది తనే.

"ఏయ్, లే! చంపేస్తావా ఏంటి?"

"విరిగిన ఎముక అతుక్కుంటుంది సార్. ఇప్పుడు ఆపితే మనిషి దక్కడు." ముసలాయన తల ఎత్తలేదు. నొక్కుతూనే ఉన్నాడు.

"నువ్వేమన్నా డాక్టరువా? తలుపు తీసేవాడివి తలుపు తియ్యి!"

అట్ట చీటీ వేలాడుతున్న కొత్త డ్రెస్సుతోనే భార్య బయటికొచ్చింది.

"చెయ్యనివ్వండి బాబూ... ఆయన ఏదో చేస్తున్నాడు కదా!"

"మీకు తెలీదమ్మా, మీరుండండి."

మేనేజరు సైగ చేశాడు. ఇద్దరు గార్డులు ముసలాయనను రెక్కలు పట్టి గోడవారకు లాక్కెళ్ళారు. ఆయన గింజుకున్నాడు. బతిమాలాడు.

"పోనీ, మీలో ఎవరైనా నొక్కండయ్యా! ఎలాగో నేను చెప్తాను."

ఎవరూ కదల్లేదు.

ఒకరు మొహాన నీళ్ళు చల్లారు. ఒకరు అరికాళ్ళు రుద్దారు. మేనేజరు నిమిషానికోసారి గాజు తలుపు వైపు చూశాడు.

తొమ్మిది నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన అమ్మాయి అరగంట పాటు చెయ్యగలిగిందంతా చేసింది. చివరికి చేతులు వెనక్కి తీసుకుంది.

"నేనొచ్చేదాకా ఎవరూ గుండె నొక్కలేదా?"

"మా సెక్యూరిటీవాడొకడు తెలిసీ తెలియక మొదలెట్టాడు మేడం. సమయానికి నేనే ఆపించాను," అన్నాడు మేనేజరు.

ఆ అమ్మాయి గోడవైపు చూసింది. చూసి, లేచి నిలబడింది.

"మాస్టారూ!"

ముసలాయన తల దించుకున్నాడు. గార్డులు ఎప్పుడు వదిలేశారో, ఆయన వేళ్ళు మాత్రం ఒకదానిలో ఒకటి పెనవేసుకునే ఉన్నాయి.

"ఎవరమ్మా ఆయన?" నేలమీద కూలబడ్డ భార్య మెల్లగా అడిగింది.

అమ్మాయి మేనేజరును ఒక్కసారి చూసి, ఆమె వైపు తిరిగింది.

"ఈ ఊళ్ళో అంబులెన్సు ఎక్కే మా అందరికీ గుండె నొక్కడం నేర్పింది ఆయనేనమ్మా."