కాలదోషం

ఆ పరాయి దేశంలో శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టాలంటే భార్యకు కూడా ఇంగ్లీషు వచ్చని పరీక్షలో తేలాలి. మొదటిసారి పరీక్షలో ఆమెకు నోరు పెగల్లేదు. దాంతో భర్తే మాస్టారయ్యాడు.

ఆ ఆదివారం వంటింటి బల్ల దగ్గర ఆమెను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఫోన్‌లో రెండు నిమిషాలకు గంట పెట్టాడు.

"నీ జీవితంలో తీసుకున్న ఒక పెద్ద నిర్ణయం గురించి చెప్పు. మధ్యలో ఆగకూడదు."

"ఏం చెప్పమంటారు?"

"నీ ఇష్టం. వాళ్లకు కావలసింది భాష, విషయం కాదు."

ఆమె కాసేపు తన చేతులకేసి చూసుకుని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పశువైద్యం ఆఖరి సంవత్సరంలో ఉండగా సంబంధం వచ్చిందని చెప్పింది. కాబోయే భర్త చదువు మానేస్తావా అని అడగలేదు, మానెయ్యమన్నాడు. తను సరేనంది. ఇప్పటికీ వీధిలో కుంటుతున్న కుక్క కనిపిస్తే చేతులు ఊరుకోవు. "ఆ నిర్ణయానికి బాధపడుతున్నాను," అని ముగించింది. ఎక్కడా తడుముకోలేదు.

అతను తల వంచుకుని వింటూ, తప్పులు వెతుకుతూనే ఉన్నాడు. గంట మోగేసరికి అతని మొహం వెలిగిపోయింది.

"అదరగొట్టావు. ఈసారి ఖాయం. మొత్తం మీద ఒకటే తప్పు. అది ఎప్పుడో జరిగిపోయిన సంగతి కదా, 'బాధపడ్డాను' అనాలి. నువ్వేమో 'బాధపడుతున్నాను' అన్నావు."

ఆమె లేచి కుర్చీని బల్ల కిందికి జరిపింది.

"అది తప్పు కాదండీ," అంది తెలుగులో.