ఐదు మెట్లు పైకి

“నువ్వు పాడక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చో, చాలు.”

రిహార్సల్‌కి వచ్చిన అందరి ముందూ అక్క ఆ మాట అనేసరికి చెల్లెలి ముఖం మాడిపోయింది.

“ఒక్క పాటే కదక్కా అడిగింది!”

“ఒక్కటైనా అంతే. రేపు స్టేజీ మీద చివరి పాట ఒక మెట్టు దించాలి. మీ బావకి కొత్త కాగితం తీసివ్వు.”

అక్క పాడుతుంది, బావ గిటారు వాయిస్తాడు. వాయించడం వచ్చుగానీ, శ్రుతి మార్చమంటే బావకి కాళ్ళూ చేతులూ ఆడవు. అందుకే చెల్లెలు స్ప్రెడ్‌షీట్‌లో లెక్కంతా దానంతటదే చేసేసే ఒక మాక్రో రాసిపెట్టింది. పాటలో ఏ స్వరానికి గిటారు మీద ఎన్నో మెట్టు నొక్కాలో ఒక్కో గడిలో అంకె ఉంటుంది. ఎన్ని మెట్లు జరపాలో కొట్టి బటన్ నొక్కితే చాలు, పాట మొత్తం కొత్త శ్రుతిలోకి వచ్చేస్తుంది. దాన్ని అచ్చు తీసిన కాగితంలో ఏ అంకె ఉంటే బావ వేలు అక్కడ పడుతుంది. అందులో రాసి లేకపోతే ఆయన వీపు కూడా గోక్కోడు.

‘చాకిరీకి నేను, చప్పట్లకి ఆవిడా! కూరలో కరివేపాకునా నేను?’ చెల్లెలికి కడుపు మండిపోయింది. ఒక మెట్టు కిందకి అని కొట్టాల్సిన చోట ఐదు మెట్లు పైకి అని కొట్టి, బటన్ నొక్కింది. ఆ ఎత్తులో ఆ ఇంట్లో ఎవరి గొంతూ నిలబడదు. నిండు సభలో అక్క గొంతు జీరబోవాలి. ముందు వరసలో వాళ్ళు ముఖాలు చిట్లించాలి. అప్పుడు అడుగుతుంది, పాడక్కర్లేనిది ఎవరక్కా అని.

మర్నాడు తెర వెనక బావ కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఏంటి మరదలా, అంకెలన్నీ ఇంత పెద్దవయ్యాయి?”

“మీకెందుకు బావా? ఉన్నది ఉన్నట్టు వాయించండి.”

“నాకేం, అలాగే,” అన్నాడు బావ.

చివరి పాట వచ్చింది. చెల్లెలు తెర పక్కన నిలబడి, నవ్వు ఆపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకుంది. అక్క మైకు అందుకుంది.

“ఈ పాట నేను పాడటం లేదు. మా చెల్లెలు పాడుతుంది. ముందే చెబితే బెంగతో రాత్రంతా నిద్రపోదని నిన్న కసిరి పంపేశాను, పాపం.”

హాలంతా చప్పట్లు. చెల్లెలు వెనక్కి అడుగు వేసేలోపే అక్క వచ్చి చెయ్యి పట్టి మైకు ముందుకి లాక్కెళ్ళింది. బావ కాగితం చూసుకుంటూ వాయించడం మొదలుపెట్టాడు.

అక్క ఆమె చెవి దగ్గరికి వంగింది.

“వణక్కే పిచ్చిదానా! నీ గొంతుకి హాయిగా ఉంటుందనేగా ఒక మెట్టు దించమన్నాను.”