కింది ఇంటి చప్పుడు

"ఇంకొక్కసారి పాడతావా, పిట్టా?"

అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు గొంతు హెడ్‌ఫోన్లలో వినిపించింది. పిట్ట తలూపింది. పాడింది. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"శ్రుతి బాగుంది. అంతా బాగుంది. కానీ ఏదో..."

"చప్పగా ఉంది. అనేయండి, ఏడవనులెండి."

ఈ పెద్ద స్టూడియోలో ఎవరి గది వారిది. డ్రమ్స్ వాయించే ఢంకా సోమవారం వచ్చి తన వాటా కొట్టేసి వెళ్లాడు. బేస్ గిటారు వాయించే బాబాయ్ మర్నాడు వచ్చాడు. ఇరవైయేళ్లు దాటగానే పెద్దరికం వెలగబెట్టాడని అతనికా పేరు. వాళ్లిద్దరి వాయింపూ చెవుల్లో పెట్టుకుని ఇప్పుడు ఆమె ఒక్కతే పాడాలి.

మొదటి ఆల్బం ఇలా కాదు. మేడమీది అద్దెగదిలో ముగ్గురూ మోకాళ్లు తగిలేలా కూర్చుని చేశారు. ఒకరు తాళం తప్పితే మిగతా ఇద్దరి మోకాళ్లూ పొడిచేవి. అది అనుకోకుండా హిట్టయింది. రెండోది ఈ వారంలో ఓ కొలిక్కి రాకపోతే ఆపేద్దామని కంపెనీవాళ్లు చెప్పేశారు. ఢంకా అప్పుడే వేరే బ్యాండుతో మాట్లాడుకుంటున్నాడట. పిట్టకి మాట్లాడుకోవడానికి వేరే ఎవరూ లేరు.

ఇంజనీరు పాత ఆల్బం పెట్టాడు. ఒక పాట రెండో చరణం దగ్గర ఆపి, వెనక్కి జరిపి మళ్లీ వినిపించాడు.

టక్. టక్. టక్.

"ఇదేం వాయిద్యం?"

"అదా! కింది ఇంటాయన. మేం మొదలెట్టగానే కర్రతో పైకప్పు పొడిచేవాడు. తీసేస్తే పాట బోసిపోయింది. ఉంచేశాం."

"తాళం ఎక్కడా తప్పలేదే?"

"ఆయన కోపం కూడా పద్ధతిగా ఉండేది లెండి."

ఇంజనీరు నవ్వలేదు. "ఇప్పుడు లేనిది అదే, పిట్టా."

కర్రాయన అని పేరు పెట్టింది ఢంకానే. ఆయన పోరు పడలేకే గది ఖాళీ చేశారు. మెట్ల మీద వెనకనుంచి పిట్ట ఎన్నిసార్లు "నమస్కారమండీ" అన్నా ఆయన తిరిగి చూసేవాడు కాదు. ఒక్కటే వింత. మిగతా ఇద్దరూ ఊరుకుని పిట్ట ఒక్కతే గొంతెత్తితే కింద నుంచి చప్పుడే ఉండేది కాదు.

"నీ గొంతంటే ముసలాయనకి ప్రాణం. పగంతా నా డ్రమ్స్ మీదే!" అని ఢంకా ఉడుక్కునేవాడు.

ఆ మాటని పిట్ట భద్రంగా దాచుకుంది. స్టూడియో నుంచి వచ్చి చీకటి గదిలో లైటు వేసుకునే ప్రతిసారీ, తన పాట కోసం కర్ర దించి కూర్చునే మనిషి ఒకరున్నారని గుర్తు చేసుకునేది. ఆ కాసేపూ గది అంత ఖాళీగా అనిపించేది కాదు.

మర్నాడు ఇంటి ఓనర్ని బతిమాలి పాత గది తాళంచెవి తెచ్చుకుంది. అందులోకి ఇంకా ఎవరూ రాలేదు. బాబాయ్ తల ఆనించి ఆనించి గోడకి పట్టించిన నూనె మరక అలాగే ఉంది. దాన్ని చూసి ముచ్చటేసింది. మైకు పెట్టుకుని, గిటారు మీటుతూ కొత్త పాట పాడింది. గట్టిగా పాడింది. కేకలా పాడింది.

కింద చప్పుడు లేదు.

ఫోన్ తీసింది. "ఢంకా, డ్రమ్స్ పట్టుకుని పాత గదికి రా. బాబాయ్‌ని కూడా లాక్కురా."

"పిచ్చా నీకు? ముసలాయన చంపేస్తాడు."

"అందుకే రమ్మంటున్నా."

సాయంత్రం ఎండ కిటికీలోంచి ముగ్గురి మోకాళ్ల మీదా పడింది. "ముందే చెప్తున్నా, తన్నులు తినడానికి నేను లేను" అన్నాడు బాబాయ్. ఢంకా కాలికింద పెద్ద డ్రమ్ము ధన్‌మంది. నేల అదిరింది. పల్లవి అయింది. చరణం ఎత్తుకున్నారో లేదో...

టక్. టక్. టక్.

పిట్ట పాడుతూనే నవ్వేసింది. ఢంకా ఇంకా గట్టిగా కొట్టాడు. కింద నుంచీ ఇంకా గట్టిగా. ఆ నవ్వుని, ఆ కర్రని అలాగే ఉంచి కంపెనీకి పంపారు. "మిగతా పాటలూ ఆ గదిలోనే చేసెయ్యండి" అని కబురొచ్చింది. ఢంకా వేరే బ్యాండు ఊసెత్తలేదు.

ఆల్బం విడుదలైన రోజు మొదటి డిస్కు మీద సంతకం చేసి, పిట్ట కింది ఇంటి తలుపు కొట్టింది. ఇన్నాళ్లూ ఆ తలుపు కొట్టే ధైర్యం ముగ్గురిలో ఎవరికీ లేకపోయింది. ఒక పెద్దావిడ తీసింది. వెనక కుర్చీలో కర్రాయన. పిట్టని చూడగానే నోరంతా తెరిచి నవ్వాడు.

"మేం పైన వాయించేవాళ్లమండీ. మీవారిని చాలా విసిగించాం..."

"మావారు కాదమ్మా, తమ్ముడు. విసుగెక్కడిది! మీరు ఖాళీ చేశాక కర్ర కొస పైకప్పుకి ఆనించి పట్టుకుని, దిగులుగా కూర్చునేవాడు. మొన్న మళ్లీ మొదలెట్టారా, తింటున్న కంచం వదిలేసి లేచాడు."

పిట్ట కళ్లు చెమర్చాయి. డిస్కుని రెండు చేతులతో అందించింది.

"అందరికంటే ముందు ఆయనకే ఇవ్వాలనిపించింది. నేనొక్కదాన్నే పాడేటప్పుడు కర్ర ఆపేసేవారు కదా. నా గొంతుని అంత శ్రద్ధగా విన్నవాళ్లు ఇంకెవరూ లేరండీ."

పెద్దావిడ డిస్కుని అటూ ఇటూ తిప్పింది. తమ్ముడి వైపు చూసింది. తర్వాత పిట్ట భుజం మీద మెల్లగా చెయ్యి వేసింది.

"వాడికి పుట్టుచెవుడమ్మా."